రామెన్ గిన్నె ముందు అడగవలసిన ప్రశ్న

కృష్ణానది ఒడ్డున, ప్రకాశం బ్యారేజీకి ఎగువన ఉన్న మా భవానీపురంలో సాయంత్రమైతే పునుగుల బండి, బజ్జీల బండి, ఫ్రైడ్‌రైస్ బండి పక్కపక్కనే నిలబడతాయి. రమజాన్ మాసం వచ్చిందంటే వన్‌టౌన్ వీధులలో హలీమ్ బట్టీలు వెలుగుతాయి. తరతరాలుగా మనకు తెలిసిన ఈ రుచుల నడుమకు ఇటీవల ఒక క్రొత్త పేరు వచ్చి చేరింది. అది రామెన్. జపాన్ కార్టూన్ చిత్రాలలోనూ, కొరియా సీరియళ్ళలోనూ పొగలు గ్రక్కే పెద్ద గిన్నెలను చూసిన మన పిల్లలు ఆ పేరును ఇంటిలోనికి తెచ్చారు. సూపర్ బజారులో దాని ప్యాకెట్లు దొరుకుతున్నాయి. హైదరాబాదు, బెంగళూరు వంటి నగరాలలో దానిని వడ్డించే భోజనశాలలు వెలిశాయి. ఉద్యోగరీత్యా జపాన్ వెళ్ళే తెలుగు యువకులకైతే అది వీధి వీధినా ఎదురయ్యే దినభోజనం.

"అమ్మీ, అది మనం తినవచ్చునా?" అని పిల్లలు అడిగినప్పుడు మన ఇళ్ళలో సాధారణంగా రెండు సమాధానాలు వినిపిస్తాయి. "అవన్నీ మనకు వద్దు బేటా" అన్నది మొదటిది. "చికెన్‌ది అయితే తిను" అన్నది రెండవది. మొదటి సమాధానం ధర్మసమ్మతమైన ఆహారాన్ని కూడా దూరం చేయవచ్చు. రెండవది నిషిద్ధమైన దానిని తెలియకుండా పళ్ళెంలోనికి తేవచ్చు. రెండింటికీ కారణం ఒక్కటే, గిన్నెలో ఏముందో తెలియకపోవడం. కావున ముందుగా ఆ గిన్నెను తెలుసుకుందాం.

గిన్నెలోని కథ

రామెన్ నేడు జపాన్ వంటకంగా లోకమంతటా పేరు పొందినా, దాని మూలం చైనా గోధుమ నూడుల్స్‌లో ఉన్నది. 1910లో టోక్యోలోని అసకుసా ప్రాంతంలో ఒజాకి కన్ఇచి అనే వ్యక్తి యొకొహామా చైనా వాడ నుండి వంటవాళ్ళను రప్పించి 'రైరైకెన్' అనే భోజనశాలను తెరిచాడు. జపాన్‌లో రామెన్ ప్రజాదరణ పొందడానికి ఆ దుకాణమే నాంది అని చెబుతారు. రెండవ ప్రపంచ యుద్ధానంతరం బియ్యం కొరతతో అలమటించిన జపాన్‌కు అమెరికా నుండి గోధుమలు వచ్చిపడ్డాయి. చవకగా కడుపు నింపే రామెన్ బండ్లు నగరమంతటా వెలిశాయి. 1958 ఆగస్టు 25న మొమొఫుకు ఆండో తయారుచేసిన తక్షణ రామెన్ అంగళ్ళకు వచ్చింది. 1971లో కప్పు నూడుల్స్ వచ్చాయి. 1983 నుండి మన దేశపు వంటిళ్ళలో స్థిరపడిన రెండు నిమిషాల నూడుల్స్ కూడా ఆ తక్షణ రామెన్ బాటలో నడిచినవే.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటున్నది. పంది ఎముకలను గంటల తరబడి మరిగించి రసం తీసే 'తొంకొత్సు' పద్ధతి 1937లో క్యూషూ దీవిలోని కురుమె పట్టణపు బండిపై మొదలైనది. అంటే దానికి వంద సంవత్సరాలైనా నిండలేదు. బౌద్ధ ప్రభావం వలన జపనీయులు శతాబ్దాల పాటు నాలుగుకాళ్ళ జంతువుల మాంసానికి చాలావరకు దూరంగానే జీవించారు. చక్రవర్తి మేజీ బహిరంగంగా గొడ్డుమాంసం తిని ఆ ఆచారానికి స్వస్తి పలికినది 1872లో. అంతకు పూర్వం నుండీ జపాన్ వంటకు ప్రాణమైనవి కొంబు అనే సముద్రపు నాచు, ఎండబెట్టిన చేప. కావున 'పందిమాంసం లేనిదే రామెన్ లేదు' అన్న మాట నిజం కాదు. అయితే నేటి దుకాణాలలో అధిక భాగం దానిని ఏదో ఒక రూపంలో వాడుతున్నాయన్నదీ అంతే నిజం.

ఐదు భాగాలు, ఐదు ప్రశ్నలు

రామెన్ గిన్నెలో ఐదు భాగాలుంటాయి. నూడుల్స్, రసం, 'తారె' అనే ఉప్పని సారం, పైన తేలే నూనె, అలంకరణగా పెట్టే ముక్కలు. మెనూ కార్డుపై కనబడే 'చికెన్' అన్న మాట ఈ ఐదింటిలో ఒక్కదానిని గురించి మాత్రమే చెబుతుండవచ్చు.

నూడుల్స్ గోధుమపిండి, ఉప్పు, క్షారజలంతో చేస్తారు. అప్పడాల పిండిలో మనం కలిపే క్షారం వంటిదే అది. ఆ పసుపు రంగు, సాగే గుణం దాని వలననే వస్తాయి. కొందరు గుడ్డు కలుపుతారు. ఇందులో మనకు పెద్ద చిక్కు లేదు.

రసం అసలు విషయం. పైన కోడిముక్క ఉన్నా క్రింద ఉన్నది పంది ఎముకల రసం కావచ్చు. కోడి, పంది ఎముకలను కలిపి మరిగించే దుకాణాలు అనేకం. కూరగాయల రామెన్ అని పేరున్నా అదే రసంలో వడ్డించే వారున్నారు. 'తోరి పైతన్' అంటే కోడి ఎముకల తెల్లని రసం. అది పూర్తిగా కోడిదేనా, ఆ కోడి జిబహ్ చేయబడినదా అన్నవి రెండు వేరు ప్రశ్నలు.

తారె గిన్నె అడుగున రెండు మూడు గరిటెలు మాత్రమే వేసే సారం. సోయా సాస్, ఉప్పు లేక మిసో అనే పులియబెట్టిన సోయా ముద్ద దీనికి ఆధారం. ఇందులో 'మిరిన్', 'సాకే' కలపడం పరిపాటి. మిరిన్ తీయగా ఉండే బియ్యపు మద్యం. అసలైన మిరిన్‌లో సుమారు 14 శాతం ఆల్కహాలు ఉంటుంది. సాకేలో ఇంచుమించు 15 శాతం. మాంసాన్ని గురించి మాత్రమే అడిగి తృప్తిపడేవారు ఇక్కడ పొరబడతారు.

నూనె అన్నది తరచుగా పందికొవ్వు. రసం వేడి తగ్గకుండా పైన పొరవలె నిలవడానికి దానిని పోస్తారు. ఇక అలంకరణలో ఉండే 'చాషూ' అనే మాంసపు పలుకులు సాధారణంగా పందివే. సగం ఉడికిన గుడ్డును ఆ చాషూ ఊరిన సాస్‌లోనే నానబెట్టే దుకాణాలున్నాయి. పక్కన తెచ్చిపెట్టే 'గ్యోజా' అనే కజ్జికాయ ఆకారపు వంటకంలోనూ సాధారణంగా పందిమాంసమే కూరుతారు.

కావున భోజనశాలలో "ఇది హలాలేనా?" అని ఒక్క మాటలో అడగడం కంటే ఐదు చిన్న ప్రశ్నలు వేయడం మేలు. రసం దేనితో కాచారు? తారెలో మిరిన్, సాకే ఉన్నాయా? పైన పోసిన కొవ్వు ఏది? మాంసం ఎక్కడి నుండి వచ్చినది? వండే పాత్రలు వేరా, అన్నింటికీ ఒకటేనా? హలాల్ అన్న పదం వంటవానికి తెలియకపోవచ్చు. 'చికెనే కదా' అనుకుని మంచి మనసుతోనే తల ఊపవచ్చు. తాను కాచిన రసంలో ఏమి వేశాడో మాత్రం అతనికి తప్పక తెలుస్తుంది.

కంటికి కనబడనిది

1908లో కికునాయె ఇకెదా అనే జపాన్ శాస్త్రవేత్త కొంబు నాచు రసంలోని ప్రత్యేక రుచికి గ్లూటమేట్ కారణమని కనుగొని, ఆ రుచికి 'ఉమామి' అని పేరు పెట్టాడు. మరుసటి సంవత్సరమే అది 'అజినొమొతొ' పేరుతో మార్కెట్టుకు వచ్చింది. మన ఫ్రైడ్‌రైస్ బండ్లపై 'టేస్టింగ్ సాల్ట్'గా వాడేది అదే పదార్థం.

ఆ తెల్లని పొడి ఇండోనేషియాలో ఒక పెద్ద వివాదానికి కేంద్రమైనది. అక్కడి కర్మాగారంలో గ్లూటమేట్‌ను ఉత్పత్తి చేసే సూక్ష్మజీవులను పెంచడానికి వాడిన పోషకద్రవ్యం తయారీలో పంది నుండి తీసిన ఎంజైము పాత్ర ఉన్నదని బయటపడింది. ఆ దేశపు ఉలమా మండలి ఆ ఉత్పత్తిని నిషిద్ధంగా ప్రకటించింది. 2001 జనవరిలో కంపెనీ తన సరుకును మార్కెట్టు నుండి వెనుకకు తీసుకుని, పోషకద్రవ్యాన్ని మార్చుకున్నది. తుది పదార్థంలో పంది అంశమేదీ లేదు గనుక అది ధర్మసమ్మతమేనని నాటి దేశాధ్యక్షుడు, స్వయంగా ధర్మవేత్త అయిన అబ్దుర్రహ్మాన్ వాహిద్ అభిప్రాయపడ్డారు. ఒక పదార్థం పూర్తిగా మరొకటిగా మారిపోతే దాని ధర్మాదేశం మారుతుందా అన్నది ధర్మవేత్తలు నేటికీ చర్చించే అంశమే. 2017 జూన్‌లో అదే దేశపు ఆహార నియంత్రణ సంస్థ నాలుగు రకాల కొరియా నూడుల్స్‌లో పంది జన్యుపదార్థాన్ని గుర్తించి, లేబుల్‌పై ఆ సంగతి ప్రకటించనందుకు వాటిని అంగళ్ళ నుండి తొలగింపజేసింది.

మన దేశపు ప్యాకెట్లపై ఉండే గుర్తులను కూడా సరిగా అర్థం చేసుకోవాలి. ఆకుపచ్చ చుక్క ఆ పదార్థం శాకాహారమని చెబుతుంది. అందులో ఆల్కహాలు ఉన్నదా లేదా అన్నది ఆ చుక్క చెప్పదు. గోధుమరంగు త్రికోణం మాంసాహారమని చెబుతుంది. ఏ జంతువు, ఎట్లా వధించబడినది అన్నది చెప్పదు. దిగుమతి ప్యాకెట్లపై అంటించే చిన్న స్టిక్కరులో పదార్థాల జాబితా ఉంటుంది. పిల్లలు ముందువైపు బొమ్మను చూసి బుట్టలో వేస్తారు. వెనుకవైపు చదవడం పెద్దల పని. అయితే ఆ పనిని వారికి నేర్పించడం ఇంకా మంచిది.

టోక్యోలో మన పిల్లలు

జపాన్‌కూ ఉపఖండపు ముస్లిములకూ పరిచయం నిన్నటిది కాదు. స్వాతంత్ర్య సమరయోధుడైన భోపాల్ వాసి మౌలానా బర్కతుల్లా 1909లో టోక్యో చేరి అక్కడి విదేశీ భాషల పాఠశాలలో ఉర్దూ బోధించారు. అసకుసాలో తొలి రామెన్ దుకాణం తెరిచేనాటికి ఆయన ఆ నగరంలోనే ఉన్నారు. అప్పటికి జపాన్‌లో ఒక్క మస్జిదు లేదు. 1935లో కొబె నగరంలో తొలి మస్జిదు వెలిసింది. దాని నిర్మాణానికి భారతీయ ముస్లిం వర్తకులు విరాళాలిచ్చారు. 1938లో రష్యా నుండి తరలివచ్చిన తాతారు ముస్లిములు టోక్యోలో మస్జిదు కట్టుకున్నారు. అదే స్థలంలో 2000లో పునర్నిర్మించబడినది నేటి టోక్యో జామి. నేడు అదే అసకుసాలో కోడి రసంతో హలాల్ రామెన్ వడ్డించే దుకాణం కూడా ఉన్నది. నిషి కసాయి ప్రాంతంలో భారతీయ కంప్యూటర్ నిపుణుల కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడి ఉన్నాయి.

అయినప్పటికీ క్రొత్తగా వెళ్ళిన వారికి ఇబ్బంది తప్పదు. మా ఎరుకలోని భవానీపురం యువకుడొకడు టోక్యోలో ఉద్యోగంలో చేరిన తొలి వారాలలో, సహోద్యోగులు రామెన్ తినడానికి పిలిచినప్పుడల్లా "కడుపులో బాగా లేదు" అని చెప్పి తప్పుకునేవాడట. నిజం చెబితే తనను వేరుగా చూస్తారేమోనన్న సంకోచం. నిషిద్ధాహారం నుండి తప్పుకోవడానికి రోజూ ఒక అబద్ధాన్ని ఆశ్రయించవలసి వస్తున్నదని ఒకనాడు ఫోనులో అబ్బాజాన్‌తో చెప్పుకున్నాడు. "నీవు దాచవలసిన తప్పేదీ చేయడం లేదు కదా బేటా, ఉన్నమాట చెప్పు" అన్నారు ఆయన. మరునాడు అతడు తాను ఏమి తినడో, ఎందుకు తినడో నాలుగు మాటలలో చెప్పాడు. సహోద్యోగులు నొచ్చుకోలేదు. పైగా వారిలో ఒకరు తామే దుకాణానికి ఫోను చేసి రసం గురించి, మిరిన్ గురించి అడిగి తెలుసుకున్నారు. అక్కడ కుదరదని తేలితే మరో చోటు వెదికారు.

జపాన్ వెళ్ళే వారికి కొన్ని మాటలు ఉపకరిస్తాయి. 'బుతా' అంటే పంది, 'తోరి' అంటే కోడి, 'రాడో' అంటే పందికొవ్వు. చాలా రామెన్ దుకాణాలలో గుమ్మం వద్ద యంత్రంలో డబ్బు వేసి టిక్కెట్టు తీసుకున్న తరువాతనే కూర్చోవాలి. కావున అడగదలచినది టిక్కెట్టు కొనక ముందే అడగాలి. 'ముస్లిం ఫ్రెండ్లీ' అన్న బోర్డుకూ హలాల్ ధృవీకరణకూ తేడా ఉన్నది. పందిమాంసం లేకపోయినా మద్యం అమ్మే చోట మొదటి బోర్డు ఉండవచ్చు. నూడుల్స్‌ను చప్పుడు చేస్తూ లోపలికి లాగడం అక్కడ అమర్యాద కాదు. అట్లాగని మనమూ చప్పుడు చేయాలన్న నియమం లేదు.

అడగడం ఒక మర్యాద

అడగడానికి సిగ్గుపడే వారు ఒక సంఘటనను జ్ఞాపకం చేసుకోవాలి. విశ్వాసుల మాత హజ్రత్ మైమూనా (రజి) ఇంటిలో దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) ముందు ఒకనాడు కాల్చిన మాంసం ఉంచారు. అది ఎడారిలో తిరిగే ఉడుము వంటి జంతువు మాంసం. వడ్డించినది ఏమిటో ఆయనకు తెలియజేయండని అక్కడి స్త్రీలలో ఒకరు అన్నారు. తెలిసిన పిమ్మట ఆయన చేయి వెనుకకు తీసుకున్నారు. అది నిషిద్ధమా అని హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి) అడుగగా, కాదని, తమ ప్రాంతంలో లేనిది గనుక తమకు అది రుచించడం లేదని తెలిపారు. హజ్రత్ ఖాలిద్ (రజి) ఆయన ఎదుటనే దానిని భుజించారు. వడ్డించిన పదార్థం పేరు తెలియకుండా దైవప్రవక్త (స) చేయి చాపడం అరుదని ఈ ఉల్లేఖనంలోనే ఉన్నది.

ఈ ఒక్క సంఘటనలో ఎన్ని పాఠాలున్నాయో చూడండి. ఆహారం ఏమిటో తెలుసుకోవడం అవమానం కాదు. మనకు అలవాటు లేనిదంతా నిషిద్ధం కాదు. ఒకరికి నచ్చనిది మరొకరు తింటే నిందించనక్కర లేదు. 'విదేశీ తిండి' అన్న ఒక్క కారణంతో రామెన్‌ను హరామ్ అనే పెద్దలకూ, అడగడం నామోషీ అనుకునే పిల్లలకూ ఇందులో సమాధానం ఉన్నది.

అయితే అడగడానికి ఒక హద్దు కూడా ఉన్నది. క్రొత్తగా ఇస్లాం స్వీకరించినవారు తెచ్చి ఇచ్చే మాంసంపై అల్లాహ్ నామం ఉచ్చరించారో లేదో తెలియదని కొందరు విన్నవించినప్పుడు, మీరు బిస్మిల్లాహ్ పలికి తినండని దైవప్రవక్త (స) ఉపదేశించినట్లు హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. అంటే తోటి విశ్వాసిపై ఆధారం లేని అనుమానం పెంచుకోరాదు. పంది, మద్యం సర్వసాధారణమైన వంటశాలలో అడగడం జాగ్రత్త అవుతుంది. ముస్లిం సోదరుని దస్తర్‌ఖాన్‌పై అదే విచారణ మొదలుపెట్టడం ఆతిథ్యాన్ని నొప్పించడం అవుతుంది. ఇక ఎంత అడిగినా తేలని చోట, సందేహాస్పదమైన దానిని వదలుకోవడంలోనే ధర్మానికీ గౌరవానికీ రక్షణ ఉన్నది. ఒక పూట రామెన్ తినకపోతే కలిగే నష్టం ఏమున్నది?

మన వంటింటి రామెన్

నిజానికి రామెన్ రసపు రహస్యం మన నానీలకు తెలియనిది కాదు. పాయా వండే ఇంటిలో ఎముకను ఎంతసేపు కాయాలో ఎవరూ నేర్పనక్కర లేదు. ఎముకలలో, కీళ్ళలో ఉండే కొలాజెన్ నెమ్మదిగా కరిగి జిలాటిన్‌గా మారడం వలననే పాయా పెదవులకు అంటుకుంటుంది. రామెన్‌లోనూ జరిగేది అదే. సన్నని సెగపై కాస్తే రసం తేటగా వస్తుంది. తెర్లే సెగపై కాస్తే కొవ్వు, జిలాటిన్ నీటితో కలిసిపోయి తెల్లబడుతుంది.

నలుగురికి సరిపడా చేయాలంటే, జిబహ్ చేసిన కోడి ఎముకలు, రెక్కలు కలిపి ఒక కిలో తీసుకోండి. ఒక పొంగు రానిచ్చి ఆ నీరు పారబోసి, ఎముకలను కడిగి, మూడు లీటర్ల మంచినీటిలో అల్లం, వెల్లుల్లి, ఉల్లికాడలు వేసి సగానికి వచ్చేవరకు సుమారు మూడు గంటలు కాయండి. ప్రెషర్ కుక్కరులోనైతే నీరు తగ్గించి వేసి ఒక గంట ఉంచితే చాలు. జపాన్‌లో ఎండబెట్టిన చిన్న చేపలతోనూ రామెన్ రసం కాస్తారు. మనకు కృష్ణాజిల్లా తీరపు ఎండు నెత్తళ్ళు ఉండనే ఉన్నాయి. తలలు, పొట్టలు తీసివేసిన గుప్పెడు నెత్తళ్ళను చన్నీటిలో అరగంట నానబెట్టి, పది నిమిషాలు కాచి వడగట్టి, ఆ నీటిని కోడి రసంలో కలపండి. చేపకు జిబహ్ అవసరం లేదు గనుక ఉత్త చేపరసంతో చేసుకున్నా మంచిదే.

తారె కోసం, ఆల్కహాలు కలపని సోయా సాస్ ఎనిమిది చెంచాలు, సిర్కా ఒక చెంచా, మిరిన్ తీపికి బదులుగా కాస్త బెల్లం కలిపి ఒక పొంగు రానివ్వండి. పందికొవ్వు స్థానంలో వెల్లుల్లి రేకులు వేయించిన పప్పునూనె వాడండి. గిన్నె అడుగున రెండు చెంచాల తారె, దానిపై మరిగే రసం, ఉడికించిన సాదా నూడుల్స్, కోడిముక్కలు, సగం కోసిన గుడ్డు, ఉల్లికాడలు, వేయించిన నువ్వులు. రుచి చూసి ఉప్పు సరిచేసుకోండి. పిల్లలు దగ్గర కూర్చుని చేస్తే, బయటి గిన్నెలో ఏ భాగం ఎక్కడ ఉంటుందో వారికి మరి మరచిపోరు.

పొరుగువాని హక్కు

రసం కాచినప్పుడు నీరు కాస్త ఎక్కువ పోసి పొరుగువారికి కూడా పంపమని దైవప్రవక్త (స) హజ్రత్ అబూజర్ (రజి)కి ఉపదేశించారు. మా భవానీపురంలో ఒక గోడకు ఇటు ముస్లిం ఇల్లు, అటు హిందువుల ఇల్లు ఉండడం మామూలే. ఈద్‌నాడు షీర్ ఖుర్మా అటు వెళ్తుంది, సంక్రాంతికి అరిసెలు ఇటు వస్తాయి. ఆ గోడ మీదుగా రామెన్ గిన్నె కూడా వెళ్ళవచ్చు. అయితే దానితో పాటు ఒక మాట కూడా వెళ్ళాలి. "ఇందులో కోడి రసం ఉన్నది, చేపనీరు ఉన్నది, గుడ్డు ఉన్నది" అని.

పొరుగింట శనివారం మాంసం ముట్టని అమ్మమ్మ ఉండవచ్చు. గుడ్డు తినని కోడలు ఉండవచ్చు. అయ్యప్ప మాలలో ఉన్న అబ్బాయి ఉండవచ్చు. వారు మొగమాటపడి అడగకపోవచ్చు. టోక్యోలో మన బిడ్డ గిన్నె ముందు కూర్చుని అడగడానికి ఎంత సంకోచించాడో, వారి సంకోచమూ అంతటిదే. అక్కడ వంటవాడు నిజం చెప్పాలని మనం కోరుకుంటాం. ఇక్కడ వంట మనది, చెప్పవలసినది మనం. వారు అడగక ముందే చెబుదాం.